మిద్దె మీద ఎనిమిది మంచాలు

ఇంటి చలువ పుస్తకం, ఈ వేసవిది. నాపరాళ్ళపాలెం, నాలుగో వరస, పదకొండో ఇల్లు. రాసేది: వకుళ.

ముప్పై రెండో రోజు
బయట 47. లోపల 31.8. ఇంట్లో మనుషులు ముగ్గురు. కారణం: నా జాగ్రత్త.

లోపలి వేడి 33 దాటిన రోజు మాత్రమే కారణం గడి నింపాలని చలువ సంఘం వాళ్ళు ఈ పుస్తకం మొదటి పేజీలోనే అచ్చేశారు. మిగతా రోజుల్లో ఖాళీగా వదిలేయవచ్చు. నేను వదలను. ఇల్లు వేడెక్కితేనే కారణం ఉంటుందా, చల్లగా ఉంటే ఉండదా? నాలుగింటికే లేచి కిటికీలన్నీ బార్లా తీసేది ఎవరు? పొద్దు పొడవకముందే పొయ్యి పని ముగించేది ఎవరు? పడమటి కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి, పైన కన్నం పెట్టిన కుండ వేలాడదీసి, చుక్క చుక్కగా నీళ్ళు దిగేలా చేసింది ఎవరు? రాసుకుంటాను. చదివేవాళ్ళు చదవనీ.

నేను, మా అత్తగారు కోటేశ్వరమ్మ కాక ఈ రోజు నుంచి ఇంట్లో మూడో మనిషి మా అమ్మాయి మేదిని. ఎనిమిదో నెల. పురిటికి వచ్చింది. మా ఆయన రైలుపట్టాల పని మీద ఉత్తరాదిన ఉన్నారు, వానలు పడితే గానీ రారు.

మేదిని అత్తవారిది నేలగదుల్లో కాపురం. భూమికి నలభై అడుగుల కింద, ఏడాది పొడుగునా 26 డిగ్రీలు. బస్సు దిగి వచ్చిన పిల్ల చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి వెళ్ళి, సొరపాదు కింద నిలబడి ఆకాశం వంక చూసింది.

"అక్కడ హాయిగా లేదటే?" అన్నాను.

"చల్లగానే ఉంటదమ్మా. పొద్దేదో మాపేదో తెలవదు, అంతే. నా బిడ్డ కళ్ళు తెరిచి ముందు ట్యూబులైటు చూడటం నాకిష్టం లేదు."

పుట్టింట్లో పురుడంటే ఇప్పుడు అనుమతి కావాలి. అందుకే తబిత గారు వచ్చి వెనక గది గోడకు బల్లిని అతికించి వెళ్ళారు. తబిత గారు చలువ సంఘం తరఫున మా నాలుగు వరసలూ చూసే ఉద్యోగి. బల్లి అంటే నిజం బల్లి కాదు, అరచేయంత తెల్లటి పరికరం. రోజూ మధ్యాహ్నం మూడింటికి గదిలో వేడి కొలుస్తుంది. 33 దాటితే టిక్కుటిక్కుమంటుంది. కాన్పు అయ్యేలోపల అది ఐదుసార్లు పలికితే అనుమతి రద్దు. బండి వచ్చి మేదినిని తీసుకుపోతుంది. బిడ్డ నేలగదుల్లోనే పుట్టి, వానలు పడేదాకా అక్కడే ఉంటుంది.

"ఈ ఇంట్లో అది పలకదు లెండి," అన్నాను తబిత గారితో.

"అందరూ అట్టాగే అంటారండీ," అని ఆవిడ సంచీ సర్దుకున్నారు. ఆ మాట నాకు నచ్చలేదు.

ముప్పై ఆరో రోజు
బయట 47. లోపల 31.9. మనుషులు ముగ్గురు. కారణం: సున్నం, నా నడుము.

మిద్దెకు రెండో పూత వేశాను. మా ఊరి రాయినే కాల్చి తీసిన సున్నం, అందులో తుమ్మజిగురు, గుప్పెడు ఉప్పు. మా మిద్దెలు నల్లటి నాపరాళ్ళవి. సున్నం లేకపోతే వాటి మీద అట్లు పోసుకోవచ్చు. ఉన్న డబ్బు మిషన్లకు తగలేయకుండా ఇల్లు చల్లబరుచుకోవాలంటే సున్నాన్ని మించింది లేదని ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. మిద్దె మీద సున్నం తప్ప ఇంకేదీ పరచకూడదని సంఘం నిబంధన కూడా.

అత్తయ్య పైకి రాబోతే మెట్ల దగ్గరే ఆపాను. డెబ్భై నాలుగేళ్ళు, అరిగిన మోకాళ్ళు.

"సున్నం ఎట్టా ఏశావో చూడనీయవా?"

"తెల్లగా వేశాను అత్తయ్యా. దిగండి."

మధ్యాహ్నం మేదిని పెరుగన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. ఏం తినాలనుందే అంటే కాస్త సిగ్గుపడి, "నాయనమ్మ మినప వడియాలు. చిన్నప్పుడు పప్పన్నంలో నంజుకునేదాన్ని. కింద ప్యాకెట్లలో అమ్మేవి అట్టముక్కల్లా ఉంటాయి," అంది.

"ఈ ఎండల్లో వడియాలు పెట్టే ఓపిక ఎవరికుంది?" అన్నాను. అత్తయ్య విసనకర్ర తిరగేసి వీపు గోక్కున్నారు.

నలభై ఒకటో రోజు
బయట 47. లోపల 33.6. మనుషులు ముగ్గురు. కారణం: ఎండ.

పలికింది.

మూడింటికి ముగ్గురం వెనక గదిలోనే ఉన్నాం. ఊరు ఊరంతా మూతవేళలో ఉంది, పది నుంచి ఐదు దాకా మా వరసల్లో ఎవరూ గడప దాటరు. మేదిని నేల మీద తడిగుడ్డ పరుచుకుని పడుకుంది. టిక్కుటిక్కుమనగానే అత్తయ్య అలవాటుగా నేల మీద వేలితో తట్టి "సత్యం" అన్నారు. నిజం బల్లి అనుకున్నారు.

బయట నిన్న కూడా 47. నిన్న లోపల 31.7. ఎండ అని రాశాను గానీ నాకే నమ్మకం లేదు.

నలభై రెండో రోజు
బయట 47. లోపల 33.9. మనుషులు ముగ్గురు. కారణం: వెతుకుతున్నాను.

రెండోసారి. తడిక విప్పి చూశాను, వేళ్ళు ఎక్కడా ఎండిపోలేదు. కుండ కన్నం మూసుకుపోలేదు. కిటికీ రెక్కల సందుల్లో కాగితం పెట్టి చూశాను, దూరలేదు. నేను అయిదు నుంచి తొమ్మిది దాకా వట్టివేళ్ళ షెడ్డులో తడికలు అల్లే పనికి పోతాను, మళ్ళీ సాయంత్రం అయిదున్నరకు పోయి ఎనిమిదింటికి వస్తాను. ఉదయం ఏడున్నరకు కిటికీలు మూసే బాధ్యత అత్తయ్యది.

"వేళకే మూస్తున్నారా అత్తయ్యా?"

"నీ గడియారం కంటే ముందే మూస్తన్నా. నన్నడుగుతావేంది?"

ఆవిడ చేతులకు మినప్పిండి వాసన. ఇడ్లీకి రుబ్బారనుకున్నాను.

నలభై నాలుగో రోజు
బయట 48. లోపల 34.1. మనుషులు ముగ్గురు. కారణం: పక్కింటి గోడ.

నిన్న మబ్బు పట్టి బతికిపోయాం. ఈ రోజు మళ్ళీ పలికింది. మూడు.

మేదిని నవ్వుతూనే ఉంది గానీ మధ్యాహ్నం లేచి తన బట్టల సంచీ ఒకసారి తెరిచి, మళ్ళీ మూసింది. ఎందుకు తెరిచావని నేను అడగలేదు. 

తర్వాత గోడకు చెవి ఆనించాను. వెనక గదికీ పక్కింటి యల్లమంద గారికీ ఒకటే గోడ. అవతల గుర్రుమని సన్నటి చప్పుడు, ఆగకుండా. యల్లమంద గారు ఒకప్పుడు ఏసీ మెకానిక్. వీధులు కాగిపోయిన సంవత్సరం తర్వాత ఏసీల వాడకం మాన్పించినప్పుడు జనం వాటిని పాత సామాన్లకు వేశారు. మా ఇంట్లో ఏసీ బయటి డబ్బా ఒక్కటే ఉల్లిపాయలు పోసుకోవడానికి మిగిలింది. యల్లమంద గారు మాత్రం ఒకటి ఇంట్లోనే దాచుకున్నాడని వరసంతా గుసగుస. తనకు చల్లబరుచుకుని వేడంతా మా గోడలోకి వదులుతున్నాడన్న మాట.

ఎర్ర సిరాతో రాశాను. సంతకం కూడా చేసి, రోజూలాగే ఆ పేజీ ఫోనులో సంఘానికి పంపాను.

నలభై ఐదో రోజు
బయట 48. లోపల 31.2. మనుషులు ముగ్గురు. కారణం: పక్కింటివారికి బుద్ధి వచ్చింది.

ఈ వేసవిలో ఇదే అన్నిటికంటే తక్కువ. పొద్దున్నే యల్లమంద గారి భార్య నీళ్ళ దగ్గర కనిపిస్తే, పుస్తకంలో కారణం రాశానని చెవిన వేశాను. అదీ దాని ఫలితం. మనిషికి భయం ఉండాలి.

అత్తయ్యకు మోకాళ్ళు పట్టేశాయి. మధ్యాహ్నమంతా ఉప్పు మూట కాపడం పెట్టాను. ఇంత ఎండలో కాపడం ఏంటి నాయనమ్మా అని మేదిని నవ్వింది. ఇల్లు చల్లగా ఉంది కదా, కాస్త వెచ్చగా ఉండనీ అన్నాను గర్వంగా.

నలభై ఆరో రోజు
బయట 48. లోపల 34.3. మనుషులు ముగ్గురు. కారణం: తెలియదు.

నాలుగు. ఇంక ఒక్కటే మిగిలింది.

ఈ రోజు జరిగింది రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. నా ఎర్ర సిరా చూసి తబిత గారు మూతవేళకు ముందే వచ్చి యల్లమంద గారింట్లో కూర్చున్నారు, మూడు దాటేదాకా. ఇక్కడ బల్లి పలికింది. అయిదు కాగానే నన్ను పిలిచారు.

యల్లమంద గారి గోడకు ఏసీ నిజంగానే ఉంది. మూత తీసి చూపించాడు. లోపల చింతపండు పొట్లం, పెళ్ళి శుభలేఖల కట్ట, ఒక మూల పిచ్చుక గూడు. గుర్రుమనేది అరిగిపోయిన సీలింగు ఫ్యాను.

"ముప్పై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ ఇళ్ళన్నీ చల్లబెట్టా చెల్లెమ్మా," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. "లోపల చలవ చేసి, ఆ వేడంతా తీసుకపోయి వీధిలో పోశా. వీధి కాగిపోయాక గానీ తెలవలా. మళ్ళా పోస్తానా? అదీ మన మేదిని ఉన్న గదిలోకి?"

మేదినికి చిన్నప్పుడు సైకిలు నేర్పింది ఆయనే. తల తీసేసినట్టయింది. తప్పయింది అన్నయ్యా అన్నాను. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. 

పుస్తకంలో రాసింది కొట్టేయమని తబిత గారిని అడిగాను. కొట్టివేతలు కుదరవట. రాసింది రాసినట్టే సంఘంలో ఉంటుంది, కింద సవరణ రాసుకోవచ్చు. రాశాను: నలభై నాలుగో రోజు కారణం తప్పు. యల్లమంద గారు నిర్దోషి. తొందరపడింది వకుళ.

"రేపటి నుంచి జాగ్రత్తండీ," అన్నారు తబిత గారు వెళ్తూ. "ఇంకోసారి పలికితే నా చేతుల్లో ఏం ఉండదు. బండి నేను పిలిచేది కాదు, అదే వచ్చిద్ది."

నలభై ఏడో రోజు
బయట 49. లోపల 32.4. మనుషులు ముగ్గురు. కారణం: కింద చూడండి.

షెడ్డుకు పోయి సగం తడిక అల్లాక చేతులు ఆగిపోయాయి. మళ్ళీ పలికే రోజు ఈ రోజే అయితే? ఆరున్నరకే లేచి ఇంటికి వచ్చేశాను. మేదిని నిద్రపోతోంది. కిటికీలు తీసే ఉన్నాయి. అత్తయ్య లేరు. పెరట్లో లేరు. మెట్ల మీద ఒక చెప్పు ఉంది.

పైకి వెళ్ళాను.

వెనక గది సరిగ్గా పైన, నేను రెండు పూతలు వేసిన సున్నం మీద, పాత నల్ల పట్టా పరిచి ఉంది. మిరపకాయలు ఆరబోసే రోజుల నాటిది, మందంగా ఉంటుంది. దాని మీద తడిపిన తెల్ల పంచె. పంచె మీద వరసలు వరసలుగా మినప వడియాలు. పంచె సగం దాకానే సరిపోయింది, మిగతా పట్టా నల్లగా ఎండకు వదిలేసి ఉంది. అత్తయ్య మధ్యలో చతికిలబడి, పిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చిటికెడు చిటికెడు పెడుతున్నారు.

పిండి చేత్తోనే ఆవిడ తలెత్తి చూశారు. 

"వచ్చావా. ఇంకో రెండు రోజులాగితే పిల్లకి సారెలో పెట్టి చూపిచ్చేదాన్ని."

"అత్తయ్యా, ఈ పట్టా ఎందుకు పరిచారు?"

"మరి నువ్వు మిద్దంతా సున్నం కొట్టావుగా. పంచెకి అంటితే వడియాలకి పట్టిద్ది. కడుపుతో ఉన్న పిల్ల నోరు పొక్కదా?"

సున్నం ఎందుకు కొట్టానో, నల్లటిది పరిస్తే ఏమవుతుందో, కింద బల్లి ఎందుకు పలుకుతోందో చెప్పాను. అరవలేదు. అరుద్దామనుకున్నాను గానీ ఆవిడ ముఖం చూసేసరికి గొంతు తగ్గిపోయింది. పిండి గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ పంచె అంచుకు తుడుచుకున్నారు.

"అయితే నేనే తోలేస్తన్నానా దాన్ని?" అన్నారు.

పట్టా చుట్టేశాం. రోజూ సాయంత్రం నేను షెడ్డుకు పోయాక ఆవిడే చుట్టి దాచేవారట. ఇద్దరం మెట్ల మీద నీడకు కూర్చున్నాం. నేను పుస్తకం తెచ్చి రోజులు లెక్క చూశాను. నలభై ఒకటి, పట్టా మొదలుపెట్టిన రోజు. నలభై రెండు, నలభై నాలుగు, నలభై ఆరు, అన్నీ సరిపోయాయి. నలభై మూడున మబ్బు. నలభై ఐదు ఒక్కటి మిగిలింది, 31.2.

"ఆ రోజు మోకాళ్ళ నొప్పని పెట్టలేదు కదా?"

"ఎందుకు పెట్టలా? మెట్లెక్కడం వచ్చిద్ది, కింద కూచోడమే రాలా. పిట్టగోడకాడ మంచాలున్నయ్యిగా రెండు. వాటిని వాల్చి, పట్టా వాటి మీదేసి, నిలబడే పెట్టా."

పట్టా వేసిన రోజే. అదే పట్టా, అదే ఎండ. వేసవి మొత్తంలో అన్నిటికంటే చల్లటి రోజు.

పుస్తకం పట్టుకుని నేరుగా యల్లమంద గారింటికి పోయాను. నిన్నటి సిగ్గు నిన్నటితో పోవాలిగా. ఆయన అంకెలు చూసి, ఎదురుగా ఉన్న పీటకు జానెడు ఎత్తులో అరచెయ్యి చాపి పట్టుకున్నాడు. "ఇది పట్టా అనుకో. కింద పరిస్తే వేడి రాయిలోకి దిగిద్ది. ఎత్తులో ఉంటే దాని వేడి గాలి పట్టకపోద్ది, రాయికి దక్కేది నీడ. మీ అత్తగారు ఆ రోజు మీ మిద్దెకి గొడుగు పట్టింది."

నలభై ఏడేళ్ళ దాన్ని, ఇరవై ఏళ్ళ సున్నం అనుభవం ఉన్నదాన్ని, నాకు తట్టలేదు.

ఇక కారణం గడి. నిజం రాయాలి. రాశాను: 41, 42, 44, 46 రోజుల వేడికి కారణం, మిద్దె మీద కోటేశ్వరమ్మ గారు వడియాలకు పరిచిన నల్ల పట్టా.

నలభై ఎనిమిదో రోజు
బయట 49. లోపల 32.5. మనుషులు ముగ్గురు. కారణం: ఖాళీ.

అత్తయ్య మాట్లాడటం లేదు. పొద్దున కాఫీ తాగలేదు. మేదిని పక్కన కూర్చుని ఏందని అడిగితే, నాకు వినపడేలా దానికి చెప్పారు.

"నాకు చదువు రాదు. పుస్తకంలో నా పేరు ఎప్పుడూ ఎక్కలా. ఓటరు కాగితం తప్పితే యాడా లేదు. ఇప్పుడెక్కింది. మనవరాలి గదిని కాల్చిన ముసల్దని. కొట్టేయటం కూడా కుదరదంట."

పట్టా అని మాత్రమే రాసి ఊరుకుని ఉండవచ్చు నేను. పట్టా దానంతట అది మెట్లెక్కదని నా బుర్రకు తోచి పేరు రాశాను. ఎప్పుడూ అంతే, రాయడం దగ్గరకు వచ్చేసరికి నాకు చెయ్యి ఆగదు.

మేదిని ఏడుస్తుందనుకున్నాను. అది లేచి పోయి ఉల్లిపాయల డబ్బా తెరిచి, అడుగున దాచిన వడియాల సీసా బయటికి తీసి, పచ్చివే నాలుగు నోట్లో వేసుకుని కరకరా నమిలింది. "నాయనమ్మా, ఉప్పు సరిపోయింది," అంది.

యాభై ఒకటో రోజు
బయట 50. లోపల 31.4. మనుషులు ముగ్గురు. కారణం: రేపు రాస్తాను.

మంచాలెక్కించాం. ఆరుబయట పడుకోవడం మానేశాక ఈ వరసలో ప్రతి ఇంట్లోనూ నులక మంచం ఒకటో రెండో గోడకు ఆనించే ఉంటుంది. యల్లమంద గారు ఇల్లిల్లూ తిరిగి ఆరు పోగు చేశాడు. మావి రెండు, మొత్తం ఎనిమిది. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఇంకాస్త ఎత్తు చేశాడు, గాలి బాగా ఆడాలని. సూర్యుడు పైకి రాకముందే పని అయిపోయింది.

పట్టా పరవమని అత్తయ్యను పిలిచాను. రానన్నారు.

"అత్తయ్యా, మంచాలు ఉత్తవే పెడితే నులక సందుల్లోంచి ఎండ దిగుతుంది. పట్టాలు పరవాలి. పరిచిన పట్టా ఎట్టాగూ ఖాళీగా ఉంటుంది. మీరు పెడితే వడియాలు పెట్టండి, లేకపోతే లేదు."

కాసేపటికి లోపల నుంచి రోలు చప్పుడు వినిపించింది.

మిద్దె మీద మంచాలు ఎక్కించామని తబిత గారికి ఫోనులో చెప్పాను, తర్వాత ఎవరో చెప్పడం ఎందుకని. పైవాళ్ళను అడుగుతానన్నారు.

యాభై ఆరో రోజు
బయట 52.

మూడింటికి ముందు రాస్తున్నాను. 52 అని పొద్దున్నే మైకులో చెప్పారు. ఈ ఊళ్ళో ఇంత ఎప్పుడూ లేదు. సున్నం ఒక్కటే ఉంటే లోపల 33 దాటి తీరుతుంది, 49కే 32.5 వచ్చింది కదా. మేదినికి నెలలు నిండాయి. ఇంకొక్కసారి పలికితే బండి.

మూడో వరసలో వాళ్ళు ఇంకో రెండు మంచాలు పంపారు గానీ మెట్లు ఇరుకై ఎక్కలేదు. తడిక మీద రెండు కుండలు వేలాడదీశాను. నేలంతా తడిపాను. యల్లమంద గారు గోడ అవతల నుంచి, ఫ్యాను ఆపేశాను చెల్లెమ్మా, ఇక నా గోడ నుంచి చప్పుడు కూడా రాదని అరిచి చెప్పాడు. మేదిని సంచీ సర్ది తలుపు పక్కనే పెట్టింది. అది చూసి అత్తయ్య సంచీ తీసుకుపోయి లోపల తన పడక మంచం కిందకు తోశారు.

రెండు నలభై. 

మూడు పది. పలకలేదు.

లోపల 32.1. మనుషులు ముగ్గురు. అత్తయ్య వేలు నేల మీద తట్టడానికి సిద్ధంగా పెట్టుకుని అలాగే కూర్చున్నారు. మూడయింది, మూడూ అయిదయింది. "ఇయ్యాల సత్యం లేదా?" అన్నారు. మేదిని నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఎవరూ చూడకుండా వట్టివేళ్ళ తడికకు ముఖం ఆనించి. చల్లగా ఉంది.

అరవయ్యో రోజు
బయట 50. లోపల 31.3. మనుషులు ఇద్దరు.

పొద్దున నేను షెడ్డులో ఉండగా నొప్పులొస్తే మేదినిని ఆసుపత్రికి తీసుకుపోయారు. యల్లమంద గారి భార్య తోడు వెళ్ళింది. మూతవేళ అయ్యాక నేనూ పోయాను. ఆడపిల్ల. తబిత గారు ఫోను చేసి అనుమతి నిలిచినట్టేనని, మూడో రోజు ఇంటికి తెచ్చుకోవచ్చని చెప్పారు.

మంచాల సంగతి పైవాళ్ళు ఏమన్నారని అడిగాను. నవ్వారు. "పైనుంచి ఒక్కటే ప్రశ్న వచ్చిందండీ. మంచం ఎత్తెంత అని."

టేపు పట్టుకుని ఇటుకలతో సహా కొలిచి రాసి పంపాను.

అరవై మూడో రోజు
బయట 50. లోపల 31.

వరసలో ఇప్పుడు పద్నాలుగు మిద్దెల మీద మంచాలున్నాయి. పట్టా ఉత్తగా ఉంచడం ఎందుకని ఒకరు అప్పడాలు, ఒకరు గుమ్మడి వడియాలు, ఒకరు ఊరమిరపకాయలు పెట్టారు. ఎంత పిండికి ఎంత ఉప్పో అడగడానికి పొద్దున్నే ఎవరో ఒకరు మా గుమ్మంలో ఉంటున్నారు. అత్తయ్య పీట వేయించుకుని కూర్చుని చెబుతున్నారు. నేను కాఫీలు అందిస్తున్నాను.

పిల్లను తెల్లవారుజామునే తెచ్చారు. ఆసుపత్రిలో ట్యూబులైటు పడకుండా మేదిని దాని ముఖానికి కొంగు అడ్డం పెట్టే ఉంచిందట. మేదిని దాన్ని నేరుగా పెరట్లోకి తీసుకుపోయి సొరపాదు కింద నిలబడింది. అది కళ్ళు తెరవలేదు. తర్వాత తెరుస్తుందిలే అంది మేదిని. మధ్యాహ్నం బాలింతకు పాత బియ్యపు అన్నం, కందిపొడి, నేతిలో వేయించిన నాలుగు మినప వడియాలు. నాలుగే పెట్టారని మేదిని నాయనమ్మతో పోట్లాడింది. పచ్చి ఒళ్ళుకు అంతకంటే వద్దని అత్తయ్య, అయితే సీసా ఎక్కడ దాచారో చెప్పమని ఇది.

మూడింటికి పుస్తకం తెరిచాను. పిల్ల బల్లి కిందే నిద్రపోతోంది. అత్తయ్య పక్కన కూర్చుని విసురుతున్నారు, అవసరం లేకపోయినా.

"రాశావా?" అన్నారు, నా వంక చూడకుండా.

"రాస్తున్నాను."

"ఏం రాశావు?"

చదివి వినిపించాను. విసనకర్ర ఆగింది. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. ఇది కూడా కొట్టేయటం కుదరదుగా అని అడిగారు. కుదరదు అత్తయ్యా అన్నాను. మళ్ళీ విసరడం మొదలుపెట్టారు.

మనుషులు నలుగురు. కారణం: కోటేశ్వరమ్మ గారి వడియాలు.